బండికి గాలి, మనిషికి నీడ

మే నెలలో మిట్టమధ్యాహ్నం రాయదుర్గం నుంచి కణేకల్ వచ్చినవాళ్లు బండి దిగీ దిగకముందే నన్ను అడిగే మాట ఒకటుంది. "అన్నా, ఇంజన్ కాలిపోతాంది, చెయ్యి పెట్టేదానికి కావడంల్యా. సీజ్ అవుతాదంటావా?"

సంక్రాంతి నాడు అదే బండి మీద అంతే దూరం వచ్చి ఇంజన్ మీద చెయ్యి పెట్టినా కాలుతుంది. ఆ రోజు ఎవరూ పెట్టి చూడరు. నడిచి వచ్చిన ఇంజన్ ఏ కాలంలోనూ చెయ్యి ఆనించేంత చల్లగా ఉండదు. గాలితో చల్లబడే మామూలు వంద సీసీ బండిలో సిలిండర్ హెడ్ దగ్గర వేడి 150 డిగ్రీలు దాటడం రోజూ జరిగే సంగతే. దానికి తగినట్టే దాన్ని తయారు చేస్తారు.

చిన్న లెక్క వేసి చూద్దాం. హెడ్ 160 డిగ్రీల దగ్గర ఉందనుకోండి. జనవరి పొద్దున గాలి 20 డిగ్రీలు. రెంటికీ తేడా 140. మే మధ్యాహ్నం గాలి 43 డిగ్రీలు. తేడా 117. ఇంజన్ తన వేడిని గాలికి ఎంత త్వరగా ఇచ్చేస్తుందనేది ప్రధానంగా ఈ తేడా మీద, తగిలే గాలి వేగం మీద ఆధారపడి ఉంటుంది. అంటే ఎండాకాలంలో ఇంజన్ చల్లబడే శక్తి ఆరో వంతు మాత్రమే తగ్గింది. రాజస్థాన్‌లోని ఫలోడీలో 2016 మే 19న 51 డిగ్రీలు నమోదైంది. మన దగ్గర తిరిగే వంద సీసీ బండ్లే అక్కడా తిరుగుతాయి.

ఇన్నేళ్లుగా ఇంజన్లు విప్పుతున్నవాడిగా నేను గట్టిగా చెప్పగలిగింది ఇది: ఎండ ఒక్కటే బండిని చంపదు. గాలి తగలకపోవడం, మురికి, మోయలేని బరువు, అడుగంటిన ఆయిల్, వీటిలో ఏ రెండు కలిసినా చంపుతాయి. ఎండ వచ్చి ఆ తప్పును బయటపెడుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. 43 డిగ్రీల గాలి ఇంజన్‌కు చల్లగాలే. దాని మీద కూర్చున్న మనిషికి మాత్రం అది వడగాలి. ఒకే గాలి, కింద ఉన్న ఇనుమును కాపాడుతూ, పైనున్న మనిషిని ఎండగడుతుంది. ఈ తేడా తెలియక జనం ఇంజన్ గురించి భయపడుతూ, తమ ఒంటిని మరిచిపోతారు.

మా ఊరి సంగతి తెలియనివారికి రెండు ముక్కలు. అనంతపురం జిల్లాకు ఏడాదికి సగటున కురిసే వాన 550 మిల్లీమీటర్ల అటూ ఇటూ. పడమటి కనుమల వెనక వాననీడలో ఉన్నాం, నైరుతి మేఘం మా దాకా వచ్చేసరికి నీళ్లు అయిపోతాయి. తూర్పు తీరానికి దూరం కాబట్టి ఈశాన్య రుతుపవనాలదీ అంతంత మాత్రమే. అయినా కణేకల్ పేరు చెబితే చాలామందికి వరి మడులు గుర్తుకొస్తాయి. తుంగభద్ర ఎగువ కాలువ, మేమంతా హెచ్చెల్సీ అంటాం, ఇటుగానే పోతుంది. పెద్ద చెరువూ ఉంది. కాలువ కింద నల్లరేగడి, పచ్చటి పైరు. కొంచెం దూరం పోతే హగరి. పుస్తకాల్లో వేదవతి. ఎగువన కర్ణాటకలో వాణీవిలాస సాగర్ 1907 నాటిది, మన వైపు భైరవానితిప్ప ప్రాజెక్టు 1961 నాటిది. నీళ్లు ఆ రెండు ఆనకట్టల దగ్గరే ఆగిపోతాయి కాబట్టి నది ఏడాదిలో ఎక్కువ కాలం ఎండిపోయి ఉంటుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా వీచే నైరుతి గాలి ఆ ఎండిన ఇసుకను లేపి తూర్పు ఒడ్డు పొలాల మీద పోస్తుంది. బిదురుకొంతం, తుంబిగనూరు, పక్క మండలంలో గోవిందవాడ, ఇక్కడన్నీ నిజమైన ఇసుక దిబ్బలు. సినిమావాళ్లు ఎడారి కావాలంటే ఇటు వస్తారు. కాబట్టి ఒకే పూటలో బండి నల్లరేగడి బురదలోంచి తారు రోడ్డెక్కి, ఇసుకలో దిగి, మళ్లీ ఇంటికి చేరాలి. దాని కష్టం అంతా ఇక్కడే ఉంది.

మొదట గాలి సంగతి. రాయదుర్గానికి కణేకల్ ఈశాన్యాన ఉంది. నైరుతి గాలి కాలంలో అటు నుంచి ఇటు వచ్చే బండికి గాలి సరిగ్గా వీపు వెనక నుంచి తోస్తుంది. బండి తేలిగ్గా పోతోందని నడిపేవాడు సంతోషిస్తాడు. కానీ గంటకు 45 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు వెనక నుంచి 25 కిలోమీటర్ల గాలి వీస్తే, ఇంజన్‌కు ముందు నుంచి తగిలేది 20 కిలోమీటర్ల గాలే. అది సైకిల్ మీద పోయేవాడికి తగిలేంత గాలి. తిరుగు ప్రయాణంలో ఎదురుగాలికి బండి మూలుగుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, కానీ ఇంజన్‌కు తగిలే గాలి 70 అవుతుంది. జూన్‌లో విత్తనం మూటలు, ఎరువు మూటలు వేసుకుని వచ్చేవాళ్లు ఇది గమనించాలి. వెనకగాలిలో బరువుతో వస్తుంటే మధ్యలో ఒకచోట ఆగి, బండి మూతిని గాలికి ఎదురుగా తిప్పి నిలబెట్టండి. ఇంజన్ ఆపెయ్యండి. పది పదిహేను నిమిషాలు. గాలి ఖర్చులేకుండా పని చేసిపెడుతుంది. ఇంజన్ ఆపకుండా నిలబెడితే చల్లబడుతుందని కొందరి నమ్మకం. గాలితో చల్లబడే బండి నిలబడి తిరుగుతుంటే దానికి గాలి కొట్టేదెవరు?

ఇంజన్ చుట్టూ పొరలు పొరలుగా కనిపించే పలకలను మేం ఫిన్స్ అంటాం. అవి అందానికి కాదు. లీటరు పెట్రోలులో ఉన్న శక్తిలో పావు వంతో, కొంచెం ఎక్కువో మాత్రమే చక్రాన్ని తిప్పుతుంది. మిగతాదంతా వేడే. కొంత సైలెన్సర్‌లోంచి పోతుంది, మిగిలింది ఆయిల్ ద్వారా, ఈ ఫిన్స్ ద్వారా గాలికి చేరాలి. మా దగ్గర మడి దగ్గరికి పోయి వచ్చిన బండి ఫిన్స్ సందుల్లో రేగడి మట్టి ఇరుక్కుంటుంది. ఎండలో అది ఇటుకలా గట్టిపడుతుంది. దాని మీద లీకయిన ఆయిల్, ఆ ఆయిల్ మీద హగరి దుమ్ము. అప్పుడు ఆ ఇంజన్ చలికాలపు కంబళి కప్పుకుని మే నెలలో పరుగెత్తుతున్నట్టే. నా దగ్గరికి "హీటెక్కుతాంది" అని వచ్చే బండ్లలో చాలావాటికి స్పేర్ పార్టు ఏదీ అక్కర్లేదు. కిరసనాయిలు దొరక్కపోతే డీజిలు, ఒక పాత బ్రష్షు, ఒక సన్నటి కట్టెపుల్ల చాలు. చల్లారిన ఇంజన్ మీద రుద్ది, నీళ్లతో కడిగి, ఆరనివ్వాలి. లోపల సందుల్లో, ముఖ్యంగా ప్లగ్గు చుట్టూ, హెడ్ వెనక భాగంలో. ముందువైపు మెరుస్తుంటే చాలనుకుంటారు గానీ వేడి ఎక్కువగా చిక్కుకునేది వెనకే.

కడగడమంటే గుర్తొచ్చింది. ఇక్కడ చాలామందికి ఒక అలవాటు. బండి వేడెక్కగానే కాలువ గట్టున ఆపి, బాటిల్‌తో నీళ్లు తెచ్చి ఇంజన్ మీద పోస్తారు. బుస్సుమని ఆవిరి లేస్తుంది. చూసేవాళ్లకు చల్లబడినట్టే ఉంటుంది. దయచేసి ఆ పని చేయకండి. హెడ్ అల్యూమినియం, లోపలి లైనర్ ఇనుము. రెండూ ఒకే లెక్కన కుంచించుకోవు. పైగా నీళ్లు పడినచోట ఒక్కసారిగా చల్లబడి, పడనిచోట వేడిగానే ఉంటే లోహం వంకర పోతుంది. హెడ్ వంగితే గాస్కెట్ దగ్గర లీకు, పగిలితే వేల రూపాయల ఖర్చు. ఆ నీళ్లు మీరు తాగండి, తల మీద తువ్వాలు తడుపుకోండి.

ఇక ఇసుక. దీని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మా ప్రాంతంలో ఇంజన్‌ను నిజంగా కాల్చేది ఇదే.

తారు రోడ్డు మీద నాలుగో గేరులో పోతున్న బండికి వేడి పుడుతుంది, దానికి తగ్గ గాలీ తగులుతుంది. హగరి ఇసుకలో దిగినప్పుడు లెక్క తలకిందులవుతుంది. మొదటి గేరు, ఇంజన్ గొంతు చించుకుంటుంది, వెనక చక్రం తిరుగుతూ లోపలికి పూడుతుంది, బండి మాత్రం మనిషి నడక కంటే కొంచెం వేగంగా పోతుంది. వేడి పుట్టడం నిండుగా, గాలి దాదాపు సున్నా. దానికి తోడు నడిపేవాడు క్లచ్ సగం పట్టుకుని లాగుతుంటాడు. హాఫ్ క్లచ్‌లో ప్లేట్లు ఒకదానితో ఒకటి రాసుకుని పుట్టే వేడి నేరుగా ఇంజన్ ఆయిల్‌లోకే పోతుంది, ఎందుకంటే మన బండ్లలో క్లచ్ మునిగి ఉండేది ఆ ఆయిల్‌లోనే. సౌదీ అరేబియా ఎడారిలో 2020 నుంచి జరుగుతున్న డకార్ ర్యాలీలో పరుగెత్తే 450 సీసీ బండ్లకు రేడియేటర్లు ఉండేది ఇందుకే. దిబ్బ ఎక్కేటప్పుడు ఎదురుగాలి చల్లబరుస్తుందని అక్కడ ఎవరూ నమ్ముకోరు. మనకు రేడియేటర్ లేదు కాబట్టి పద్ధతే దిక్కు.

ఇసుకలోకి దిగేముందు టైర్లలో గాలి కొంచెం తగ్గిస్తే టైరు వెడల్పై ఇసుక మీద తేలుతుంది. ఎక్కువ తగ్గిస్తే ట్యూబు వాల్వు తెగుతుంది, కాబట్టి నాలుగైదు పాయింట్లు చాలు. రోడ్డెక్కాక మళ్లీ కొట్టించాలి, పంపు దగ్గరుంటే మేలు. ఇసుక మొదలవకముందే కొంచెం వేగం అందుకుని, రెండో గేరులో ఆగకుండా సాగిపోవాలి. వెనక కూర్చున్నవాళ్లను దింపండి, ఆ వంద గజాలు నడుస్తారు. చక్రం పూడితే ఎక్స్‌లేటర్ తిప్పకండి. తిప్పినకొద్దీ గొయ్యి లోతవుతుంది, ఇంజన్ ఉడుకుతుంది. బండిని పక్కకు వాల్చి గొయ్యిలో ఇసుక నింపి లేపండి, లేదా దిగి పక్కన నడుస్తూ తక్కువ ఎక్స్‌లేటర్‌తో తోయండి. బయటపడ్డాక వెంటనే బరువెత్తి పరుగు తీయొద్దు. రెండు మూడు కిలోమీటర్లు మెల్లగా, మూడో గేరో నాలుగో గేరో వేసి, గాలి తగిలేలా నడపండి. ఇంజన్‌కు అదే విశ్రాంతి.

ఇసుక ఇంకో రెండు దారుల్లో కూడా దెబ్బ తీస్తుంది. ఒకటి ఎయిర్ ఫిల్టర్. అది మూసుకుపోతే బండి లాగదు, లాగట్లేదని ఇంకా తిప్పుతారు. కొందరు కుర్రాళ్లు పికప్ వస్తుందని ఫిల్టర్ తీసేసి తిరుగుతారు. వద్దు నాయనా. గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైతే మంట ఇంకా వేడిగా మండుతుంది, పైగా హగరి ఇసుక నేరుగా బోరులోకి పోయి రింగులను సానపడుతుంది. కొన్ని బండ్లలో ఫిల్టర్ కాగితానికి నూనె పూసి ఉంటుంది, దానికి గాలి కొడితే పాడవుతుంది, మార్చాల్సిందే. రెండోది ఎవరి దృష్టికీ రానిది. పెట్రోలు ట్యాంకు మూతకు గాలి లోపలికి పోవడానికి సన్నని దారి ఉంటుంది. దుమ్ముతో అది మూసుకుపోతే ట్యాంకులో శూన్యం ఏర్పడి పెట్రోలు సరిగ్గా దిగదు. బండి ఎండలో ఏడెనిమిది కిలోమీటర్లు పోయి ఆగుతుంది, కాసేపాగితే మళ్లీ స్టార్టవుతుంది. అందరూ "హీటెక్కి ఆగింది" అంటారు. మూత తెరిచి మూస్తే నడిస్తే, రోగం ఎండది కాదు, మూతది.

ఆయిల్ గురించి మా ఊళ్లో నమ్మకాలు చాలా. ఎండాకాలం కాబట్టి చిక్కటి ఆయిల్ పోయమంటారు. డబ్బా మీద 10డబ్ల్యూ-30, 20డబ్ల్యూ-40 అని ఉంటుంది. రెండో అంకె 100 డిగ్రీల దగ్గర ఆ ఆయిల్ ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. అంటే ఇంజన్ వేడిని లెక్కలోకి తీసుకునే ఆ అంకె పెట్టారు. మీ బండి పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే పోయండి. మరీ చిక్కటిది సన్నని దారుల్లోంచి త్వరగా పైకి ఎక్కదు. కారు ఆయిల్ అస్సలు వద్దు, అందులోని జారుడు మందులకు మన క్లచ్ ప్లేట్లు జారిపోతాయి. డబ్బా మీద జాసో ఎంఏ లేక ఎంఏ2 అని ఉందో లేదో చూడండి. ఏ రకం అనేదానికంటే ఎంత ఉందనేది ముఖ్యం. వంద సీసీ బండిలో మొత్తం పట్టేదే లీటరు లోపు. అందులో పావు లీటరు తగ్గితే మిగతా ఆయిల్ ఆ వేడినంతా మోయాలి. ఆయిల్ పిస్టన్ కింద తగిలి వేడిని కిందికి దించుతుంది కూడా, అది కేవలం జారడానికే అనుకోకండి. వారానికోసారి, బండి చదునైన నేల మీద నిటారుగా నిలబెట్టి, డిప్‌స్టిక్ తుడిచి చూడండి. చాలా బండ్లలో దాన్ని తిప్పి బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి. దుమ్ములో, బరువుతో తిరిగే బండికి పుస్తకంలో చెప్పిన దూరం కంటే ముందే ఆయిల్ మార్చడం మంచిది. అన్ని మరమ్మతుల్లో అదే చవక.

టాపెట్ల శబ్దం గురించి ఒక మాట. "శబ్దం వస్తాంది, బిగించన్నా" అని బతిమాలతారు. నేను బిగించను. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిని వదిలించుకునేది మూసుకుని తన సీటు మీద ఆనినప్పుడే. సందు లేకుండా బిగిస్తే, వేడికి వాల్వు సాగి పూర్తిగా మూసుకోదు. దానికి ఆనే చోటు లేక అంచు కాలిపోతుంది. టాపెట్ కొంచెం టిక్కుటిక్కుమన్నా నష్టం లేదు. శబ్దమే లేని ఇంజన్ మే నెలలో భయపెడుతుంది.

నేను పని నేర్చుకున్న కాలంలో సీజ్ అనే మాట రోజూ వినేవాళ్లం. బళ్లారి షెడ్లలో రాజ్‌దూత్‌లు, ఎజ్డీలు, ఆర్‌ఎక్స్ 100లు, టీవీఎస్ మోపెడ్లు బారులు తీరేవి. అన్నీ టూ స్ట్రోక్. ఆయిల్ పెట్రోలుతో పాటే లోపలికి పోయి మండిపోవాలి. ఆయిల్ కలపడంలో పిసినారితనం చేస్తే, ఎండలో బరువుతో ఎత్తెక్కేటప్పుడు పిస్టన్ బోరును పట్టేసేది. ఎందుకంటే అల్యూమినియం పిస్టన్ ఇనుప బోరు కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. రెంటి మధ్య ఉండే సందు మిల్లీమీటరులో కొన్ని నూరో వంతులే. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చి ఫోర్ స్ట్రోక్ ఇంటింటికీ చేరాక, ఆయిల్ విడిగా కిందే ఉండి తిరుగుతుంటుంది కాబట్టి ఆ బాధ తగ్గింది. తగ్గిందే గానీ పోలేదు. ఆయిల్ చూడనివాడికి ఇవాళ కూడా సీజవుతుంది. పోతూపోతూ ఉండగా బండి ఉన్నట్టుండి ఎవరో వెనక్కి లాగినట్టు బరువెక్కితే, గొంతు మారితే, ఆ క్షణమే క్లచ్ పట్టెయ్యండి. పిస్టన్ పట్టేస్తే వెనక చక్రం బిగుసుకుని మనిషిని పడేస్తుంది. క్లచ్ పట్టి ఉంటే చక్రం తిరుగుతూనే ఉంటుంది, పక్కకు ఆపుకోవచ్చు. ఈ ఒక్క అలవాటు ఎముకలు నిలబెడుతుంది.

దానికంటే ముందు కనిపించే గుర్తులు: బండి లాగకపోవడం, ఎత్తులో గలగలమని గవ్వలు ఆడించినట్టు శబ్దం, న్యూట్రల్ పడకపోవడం, మాడిన ఆయిల్ వాసన, క్లచ్ జారడం. గలగల వస్తే గేరు తగ్గించి ఎక్స్‌లేటర్ వదలండి. ప్లగ్గు తీసి చూస్తే మొన ఇటుక రంగులో ఉండాలి. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని అర్థం. కార్బొరేటర్‌కు, ఇంజన్‌కు మధ్య ఉండే రబ్బరు మా ఎండలకు పగులుతుంది, ముందు అది చూడండి. ఈమధ్య పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. ఇంజెక్షన్ బండ్లు ఆక్సిజన్ సెన్సర్‌తో చాలావరకు సర్దుకుంటాయి. పాత కార్బొరేటర్ బండ్లలో మిశ్రమం కొంచెం పలచబడుతుంది, మెకానిక్ దగ్గర ఒకసారి సరిచేయించుకోవాలి. ఎండాకాలం ట్యాంకు నిండా పోయిస్తే పేలుతుందని ఏటా ఫోన్లలో ఒక కబురు తిరుగుతుంది. పెట్రోలు దానంతటది అంటుకోవాలంటే 250 డిగ్రీలు దాటాలి, ఆ భయం వద్దు. కానీ పది లీటర్ల పెట్రోలు 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 200 మిల్లీలీటర్లు పెరుగుతుంది. మెడ దాకా నింపి ఎండలో పెడితే కారుతుంది. ఆ మాత్రం ఖాళీ ఉంచండి.

టీవీఎస్ ఎక్స్‌ఎల్ నడిపే పాలవాళ్లకు, గడ్డిమోపులవాళ్లకు ఒక విన్నపం. కాళ్ల దగ్గర మూటలు పేర్చినప్పుడు అవి ఇంజన్‌కు గాలి రాకుండా అడ్డుపడుతున్నాయో లేదో కిందికి వంగి చూడండి. కింద చెయ్యి దూరేంత సందు ఉండాలి. స్కూటర్ల సంగతి వేరు. వాటి ఇంజన్ లోపల మూసి ఉంటుంది, ఒక ఫ్యాన్ గాలి కొడుతుంటుంది కాబట్టి నిలబడినా చల్లబడుతుంది. ఆ ఫ్యాన్ జాలీకి దారాలు, దూది, దుమ్ము పట్టకుండా చూసుకుంటే చాలు. రాయదుర్గంలో జీన్స్ కుట్టుపనికి పోయివచ్చే ఆడవాళ్ల స్కూటర్లలో నేను ముందు చూసేది అదే. రేడియేటర్ ఉన్న పెద్ద బండ్లవాళ్లు నీళ్లు కాదు, కూలెంట్ పోయాలి, ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తెరవకూడదు. ఎలక్ట్రిక్ బండ్లకు ఇంజన్ లేదు గానీ బ్యాటరీకి ఎండ పడదు. ఎండలోంచి రాగానే చార్జింగ్ పెట్టొద్దు, చల్లారనివ్వాలి. పడకగదిలో అసలే వద్దు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోను, విజయవాడలోను ఇంట్లో బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి.

టైర్లలో గాలి పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి. మధ్యాహ్నం తారు రోడ్డు 60 డిగ్రీలు దాటుతుంది. పొద్దున 30 పాయింట్లు ఉన్న టైరు 40 డిగ్రీలు వేడెక్కితే 36 దాకా చూపిస్తుంది. అది చూసి గాలి తీసేస్తే సాయంత్రానికి టైరు మెత్తబడుతుంది, బండి ఈడ్చుకుంటూ పోతుంది, ఆ ఈడ్పు మళ్లీ ఇంజన్ మీదే పడుతుంది. బ్రేకులు పట్టేసి ఉన్నా, చైన్ ఎండిపోయి ఉన్నా అంతే. సైడ్ స్టాండు కింద ఒక చదును రాయి పెట్టండి, మెత్తబడిన తారులో దిగబడి బండి పడిపోతుంది.

ఇప్పుడు మనిషి దగ్గరికి వస్తాను. బండి గురించి చెప్పినదంతా పాటిస్తే మీ బండి కణేకల్ ఎండను తట్టుకుంటుంది. మీరు తట్టుకుంటారా?

మన చర్మం 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. గాలి అంతకంటే చల్లగా ఉన్నంతసేపు అది మన వేడిని తీసుకుపోతుంది. 43 డిగ్రీల గాలి మనకు వేడిని ఇస్తుంది. బండి వేగం పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ ఇస్తుంది. అప్పుడు మనల్ని కాపాడేది చెమట ఒక్కటే. మా గాలి పొడిగాలి కాబట్టి చెమట పట్టిన క్షణమే ఆరిపోతుంది. చొక్కా తడవదు. చెమటే పట్టలేదనుకుంటాం, దాహం ఆలస్యంగా తెలుస్తుంది, అప్పటికే ఒంట్లో నీళ్లు తగ్గిపోయి ఉంటాయి. అందుకే పొట్టి చేతుల చొక్కాతో, గుండీలు విప్పి గాలికి పోవడం చల్లదనం కాదు. నిండు చేతుల నూలు చొక్కా, మెడ చుట్టూ తడి తువ్వాలు, హెల్మెట్. పొడిగాలిలో తడిగుడ్డ ఆరుతూ ఒంటి వేడిని లాగేస్తుంది, ఆరగానే మళ్లీ తడపాలి. బయలుదేరేముందు రాగి అంబలో ఉప్పేసిన మజ్జిగో తాగండి. దారిలో దాహం వేసేదాకా ఆగకుండా కొంచెం కొంచెంగా నీళ్లు తాగండి.

బండి నడిపేవాడికి తల తిరగడం, వాంతి వచ్చినట్టుండటం, పిక్కలు పట్టేయడం మొదలైతే ఊరు ఇంకా నాలుగు కిలోమీటర్లే కదా అని పోకూడదు. అక్కడే నీడ చూసుకుని ఆగాలి. మాట తడబడుతున్నా, అయోమయంగా మాట్లాడుతున్నా అది వడదెబ్బ. 108కి ఫోన్ చేసి, వాళ్లు వచ్చేలోగా బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి, విసరాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు. ఇంజన్ మీద పోయొద్దన్న నీళ్లు ఇక్కడ ఒంటి మీద పోయండి.

మన జిల్లా నుంచి, కడప నుంచి బతుకుతెరువుకు కువైట్, ఖతర్ పోయినవాళ్లు ఎందరో. ఆ దేశాల్లో వేసవి మధ్యాహ్నపు గంటల్లో మోటార్‌సైకిల్ మీద డెలివరీలు ఆపేసే నిబంధనలు వచ్చాయి. అక్కడి బండ్లు తట్టుకోలేక కాదు, మనుషులు తట్టుకోలేకే. మన దగ్గర ఆ నిబంధన లేదు. పాలు, కూరగాయలు, ఐస్, కొరియర్లు, అప్పు వసూళ్లు, అన్నీ పన్నెండు నుంచి నాలుగు మధ్యనే బండ్ల మీద తిరుగుతాయి. పని ఇచ్చేవాళ్లు ఆ నాలుగు గంటలను ఉదయానికో సాయంత్రానికో జరపగలరు. జరపాలని నా కోరిక.

జరపలేనివాళ్ల కోసం దారిలో నీడ కావాలి. చలివేంద్రాలు ఊళ్లోనే, బస్టాండు పక్కనే పెడతారు. నీళ్లు దొరికేచోట మళ్లీ నీళ్లు. బండి మీద పోయేవాడికి అవసరం పడేది రెండు ఊళ్ల మధ్య, చుట్టూ చెట్టన్నది కనిపించనిచోట. రాయదుర్గం దారిలో, బళ్లారి దారిలో ఐదారు కిలోమీటర్లకు ఒకటి చొప్పున రెండు బండ్లు, నలుగురు మనుషులు నిలబడేంత జమ్ము పందిరి, కింద మూత పెట్టిన ఒక కుండ చాలు. దారి పక్క పొలాలున్న రైతులు, పంచాయతీలు కలిస్తే ఒక్క వారంలో అయ్యే పని. దాని పక్కనే జూన్‌లో ఒక వేప, ఒక కానుగ నాటి, మేకలు అందుకోకుండా కంప కట్టి, మూడు వేసవులు నీళ్లు పోయాలి. కంప కొట్టుకు రావడానికి, ట్యాంకులో నీళ్లు తోలడానికి నా బండి, నేను సిద్ధం.